రేడియోలో పొడుగు బ్రేక్ ఒకటి మేలా, చిన్న బ్రేకులు నాలుగు మేలా?

వాల్యూమ్‌తగ్గించు:
సూటిగా చెప్తాను, ఒప్పుకోని వాళ్లు ఉతికేయండి. రేడియోకి యాడ్స్ తప్పవు, డబ్బులెక్కడినుంచి రావాలి మరి. నా గొడవల్లా అన్నీ ఒకేచోట కుప్పపోయడం గురించి. "వరసగా నలభై నిమిషాలు పాటలే" అని ఊరించి, ఆ తర్వాత ఆ బాకీ మొత్తం వడ్డీతో సహా ఒక్క బ్రేక్‌లో వసూలు చేస్తారు. బండి నడుపుతూ వింటున్నప్పుడు మొదటి యాడ్ వింటాను, రెండోది ఓర్చుకుంటాను, మూడోదానికి చెయ్యి దానంతటదే బటన్ మీదకి పోతుంది. అదే రెండు పాటలకోసారి ఒక్క నిమిషం బ్రేక్ ఇచ్చారనుకోండి, స్టేషన్ మార్చాలనే అనిపించదు, మార్చి తిరిగొచ్చేలోపు అయిపోతుందని తెలుసు కాబట్టి. పొడుగు బ్రేకులు పెట్టే స్టేషన్లు తమ శ్రోతల్ని తామే పక్క స్టేషన్‌కి అప్పగిస్తున్నాయని నా వాదన.

నిమిషాలలెక్క:
మీ అనుభవాన్ని కాదనను గానీ లెక్కలు ఇంకోలా చెప్తున్నాయండీ. అమెరికాలో ఆర్బిట్రాన్, కోల్‌మన్ ఇన్‌సైట్స్, మీడియా మానిటర్స్ అనే మూడు సంస్థలు కలిసి సరిగ్గా ఈ విషయం మీదే 2006లో ఒకసారి, 2011లో ఇంకోసారి అధ్యయనం చేశాయి. బ్రేక్ మొదలయ్యే ముందు ఎంతమంది వింటున్నారు, బ్రేక్ నడుస్తుండగా ఎంతమంది మిగిలారు అని పోల్చి చూస్తే, మొదటిసారి సగటున 92 శాతం, రెండోసారి 93 శాతం మంది అక్కడే ఉన్నారు. మనిషి ఒంటి మీద పెట్టుకు తిరిగే చిన్న మీటర్ లెక్క అది. స్టేషన్ వాళ్లు శబ్దంలో కలిపే, మన చెవికి వినపడని కోడ్‌ని అది పట్టుకుంటుంది. ఏం విన్నామో శ్రోతలే గుర్తుచేసుకుని రాసే డైరీ కాదు. బ్రేక్ రాగానే జనం పారిపోతారనేది ఎక్కువగా రేడియో వాళ్ల భయం, యాడ్ ఇచ్చేవాళ్ల అనుమానం.

మీ పక్షాన ఒక ముక్క ఉంది, అదీ చెప్పేస్తాను: చిన్న బ్రేకుల్లో దాదాపు ఎవరూ కదల్లేదు, బ్రేక్ పొడుగయ్యేకొద్దీ జారిపోయేవాళ్లు పెరిగారు.

పాతట్రాన్సిస్టర్:
నిమిషాలలెక్క గారూ, ఆ మీటర్ చెవిని కొలవదు, గదిని కొలుస్తుంది. టేబుల్ మీద రేడియో మోగుతోంది, మనిషి అదే గదిలో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు, యాడ్స్ ఎప్పుడొచ్చాయో ఎప్పుడు పోయాయో తెలీదు. మీటర్ దృష్టిలో అతను నికార్సైన శ్రోత! సగం మంది బ్రేక్‌లో స్టేషన్ మార్చరు, మనసు మార్చేస్తారు.

ఇంకో మాట. మీరు చెప్పిన 93 శాతం ఒక్క బ్రేక్‌కి సంబంధించిన సంగతి. నమ్మకంగా వినడం అనేది ఆ బ్రేక్‌లో తేలేది కాదు. రేపు పొద్దున బండెక్కగానే అదే నంబర్ నొక్కుతాడా లేదా, అదీ ప్రశ్న. విసుగు ఆ క్షణంలో కనపడదు, నెమ్మదిగా రోజుకి నాలుగుసార్లు పెట్టేవాడు రెండుసార్లు పెడతాడు, ఆ తర్వాత పండక్కో పబ్బానికో. ఫలానా బ్రేక్ వల్ల పోయాడని ఏ గ్రాఫూ చూపించదు.

లాగ్‌షీట్:
నేను ఒక స్టేషన్‌లో యాడ్ షెడ్యూలింగ్ చేసినవాణ్ణి, పేరు అడక్కండి. బ్రేక్ ఎందుకు అంత పొడుగవుతుందో లోపలినుంచి చెప్తాను, కాస్త పెద్దదే, ఓపిక చేసుకోండి.

మీటర్ లెక్కలున్న చోట రేటింగ్ పావుగంటల్లో నడుస్తుంది. అమెరికాలో శ్రోతల్ని లెక్కగట్టే నీల్సన్ సంస్థ పద్ధతిలో ఒక మనిషి ఒక పావుగంటలో కనీసం 5 నిమిషాలు వింటే ఆ పావుగంట స్టేషన్ ఖాతాలో పడేది. ఇప్పుడు ఆలోచించండి. బ్రేక్‌ని 12వ నిమిషంలో మొదలుపెట్టి 18వ నిమిషంలో ముగిస్తే ఏమవుతుంది? మొదటి పావుగంటలో 12 నిమిషాలు పాటలే, రెండో పావుగంటలోనూ 12 నిమిషాలు పాటలే. మధ్యలో ఆరు నిమిషాలు మనిషి పారిపోయి తిరిగొచ్చినా రెండు పావుగంటలూ దక్కుతాయి. అదే ఆరు నిమిషాల్ని మూడు ముక్కలు చేసి చల్లితే ప్రతి ముక్క దగ్గరా ఎవడో ఒకడు జారే ప్రమాదం. అందుకే గంటకి రెండే పెద్ద బ్రేకులు, అవీ పావుగంట గీత మీద అటూ ఇటూ కాళ్లు చాపుకుని.

దీన్లో తమాషా ఏంటంటే పోటీ స్టేషన్‌లో కూడా ఇదే లెక్క వేస్తారు. మీరు బటన్ నొక్కి అక్కడికి పోతే అక్కడా యాడ్సే. యాదృచ్ఛికం అనుకుంటారు జనం, పాపం. 2025 జనవరి నుంచి నీల్సన్ ఆ 5 నిమిషాల్ని 3 నిమిషాలకి తగ్గించింది. కాబట్టి బ్రేకుల్ని ఇంకో రకంగా పరచడానికి కొంత చోటు దొరికింది. ఎంతమంది వాడుకుంటారో చూడాలి.

ఊరికేవిన్నా:
అంటే బ్రేక్ పెట్టేది వినేవాడి కోసం కాదు, మీటర్ కోసం. చాలా సంతోషం.

రాత్రిడ్యూటీ:
యాడ్ అంటేనే శత్రువు అన్నట్టు మాట్లాడుతున్నారు. 1922 ఆగస్టులో న్యూయార్క్‌లోని డబ్ల్యూఈఏఎఫ్ స్టేషన్‌లో అపార్ట్‌మెంట్లు అమ్ముకునే కంపెనీ ఒకటి డబ్బు కట్టి ప్రసంగం ఇప్పించింది. రేడియోలో మొదటి పెయిడ్ యాడ్‌గా ఎక్కువమంది దాన్నే చెప్తారు. అది 30 సెకన్ల స్పాట్ కాదు, నిమిషాల తరబడి సాగిన ఉపన్యాసం! మన వైపుకొస్తే 1952లో రేడియో సిలోన్‌లో అమీన్ సయానీ మొదలుపెట్టిన పాటల కార్యక్రమానికి బినాకా అనే టూత్‌పేస్ట్ పేరే పెట్టారు. జనం ఆ పేరుతోనే ఎదురుచూశారు. యాడ్ కార్యక్రమంలో కలిసిపోయినప్పుడు తెగినట్టు అనిపించదు. సంగీతం ఆగిపోయి, వేరే గొంతు ఒక్కసారిగా అరిస్తేనే తెగినట్టుంటుంది. కాబట్టి ఆర్జే తన గొంతుతో తన ధోరణిలో చదివే యాడ్స్ పెంచండి, బ్రేక్ పొడుగు గొడవే ఉండదు.

పాతట్రాన్సిస్టర్:
రాత్రిడ్యూటీ గారూ, మీరు చెప్పినది ఒక కార్యక్రమానికి ఒక స్పాన్సర్ ఉన్న రోజుల మాట. ఇప్పుడు అదే ఆర్జే పొద్దున ఒక ఇన్సూరెన్స్‌ని, మధ్యాహ్నం ఇంకో ఇన్సూరెన్స్‌ని "నేనైతే ఇదే తీసుకున్నా" అని మెచ్చుకుంటే ఆ గొంతుకి విలువ ఏం మిగుల్తుంది? జనం స్టేషన్‌కి కట్టుబడి ఉండరు, మనిషికి ఉంటారు. ఆర్జే వేరే స్టేషన్‌కి మారితే వెంట వెళ్లిపోయేవాళ్లని చూశాను. ఆ ఒక్క ఆస్తినీ యాడ్స్‌కి అమ్మేస్తే ఇక పాటలే మిగుల్తాయి, పాటలు ఫోన్‌లోనూ ఉన్నాయి.

వాల్యూమ్‌తగ్గించు:
ఫోన్ దగ్గరికి మీరే వచ్చారు, థాంక్స్. ఒకప్పుడు నేను మార్చేది ఇంకో స్టేషన్‌కి. లాగ్‌షీట్ గారన్నట్టు అక్కడా యాడ్సే ఉంటే తిరిగొచ్చేవాణ్ణి. ఇప్పుడు మారేది ఫోన్‌లోని ప్లేలిస్ట్‌కి. అక్కడినుంచి తిరిగి రావడానికి కారణమే లేదు, ఆ ప్రయాణం అయ్యేదాకా అంతే. నిమిషాలలెక్క గారు చెప్పిన 7 శాతం 2011లో తిరిగొచ్చే 7 శాతం అయి ఉండొచ్చు. నేడు అదే 7 శాతం పోతే పోయినట్టే.

నిమిషాలలెక్క:
అంత సులువు కాదు. యాడ్స్ లేకపోతే జనం కట్టుబడి ఉంటారంటే, డబ్బు కట్టి వినే శాటిలైట్ రేడియో ఎప్పుడో ఎఫ్ఎమ్‌ని మింగేసి ఉండాలి. అమెరికాలో ఎక్స్ఎమ్ 2001లో, సిరియస్ 2002లో వచ్చాయి, యాడ్స్ లేని పాటలే వాటి ఊరింపు. 2008కల్లా రెండూ కలిసిపోవాల్సి వచ్చింది. నిలబడ్డాయి, నిజమే, కానీ ఎఫ్ఎమ్ పోలేదు. డబ్బు కట్టడం కంటే యాడ్ వినడమే నయం అనుకునేవాళ్లే ఎక్కువ. పోనీ యాడ్సే తగ్గించండి అంటారా, అక్కడి పెద్ద రేడియో కంపెనీ క్లియర్ ఛానల్ 2004లో "తక్కువే ఎక్కువ" అని అదే ప్రకటించింది: యాడ్ సమయం కుదిస్తాం, 60 సెకన్ల స్పాట్ బదులు 30 సెకన్లది అమ్ముతాం అని.

ఊరికేవిన్నా:
అందులోనే ఉంది కదండీ తిరకాసు. వినేవాడు నిమిషాలు లెక్కపెట్టడు, గొంతులు లెక్కపెడతాడు. మూడు నిమిషాల్లో మూడు యాడ్స్ వింటే మూడు. అదే మూడు నిమిషాల్లో ఆరు వింటే "అబ్బా, ఎన్ని యాడ్స్ రా బాబూ" అంటాడు, గడియారం మాత్రం అంతే కదిలింది. పైగా ఒకే యాడ్ ఒకే బ్రేక్‌లో రెండుసార్లు రావడం ఏంటి? లాగ్‌షీట్ గారూ, దానికైనా సమాధానం ఉందా?

లాగ్‌షీట్:
ఉంది, గొప్పదేం కాదు. పోటీ కంపెనీల స్పాట్లు పక్కపక్కన పడకూడదని సాఫ్ట్‌వేర్‌కి చెప్తాం. రెండు బ్యాంకులు ఒకే బ్రేక్‌లో పడితే వెంటనే ఫోన్ వస్తుంది. ఒకే స్పాట్ రెండుసార్లు పడితే ఎవరూ ఫోన్ చెయ్యరు, డబ్బు కట్టినవాడికి సంతోషమే.

నిజానికి బ్రేక్ పొడుగు కంటే నాకు ఎక్కువ నష్టంగా కనిపించింది ఇంకోటి. స్టూడియోలో ఆర్జే ముందు స్క్రీన్ మీద స్పాట్ల వరస, పక్కన మిగిలిన సెకన్లు తగ్గుతూ కనిపిస్తుంటాయి. బ్రేక్‌కి ముందు "ఆ కాలర్ వాళ్లావిడకి నిజం చెప్పేశాడా లేదా, ఒక్క నిమిషంలో" అంటాడు. ఆ ఒక్క నిమిషం ఆరు నిమిషాలు. సరే, వింటారు. బ్రేక్ అయ్యాక కాలర్ రావాలి కదా? స్టేషన్ జింగిల్, దాని వెనక ట్రాఫిక్, ఆ వెనక పాట, పాట అయ్యాక ఇంకో బ్రేక్, అప్పుడొస్తాడు కాలర్. బ్రేక్‌ని క్షమించినవాడు కూడా దీన్ని క్షమించడు. "ఒక్క నిమిషం" అని ఆరు నిమిషాలు ఆపినవాడి మాట రేపు నమ్ముతారా?

వాల్యూమ్‌తగ్గించు:
సరే, నా మొదటి ప్రశ్నకే వస్తాను. పెద్ద బ్రేక్‌ని విరగ్గొట్టి చిన్నవి చేసి మీరు ఎప్పుడైనా చూశారా?

లాగ్‌షీట్:
చూశాం, కొన్నాళ్లు. శ్రోతలు కిమ్మనలేదు. గోల చేసింది సేల్స్ వాళ్లు. బ్రేక్‌లో మొదటి స్పాట్‌కి అదనపు రేటు ఉంటుంది, జనం అప్పటికింకా వింటూ ఉంటారని. బ్రేకులు రెట్టింపైతే మొదటి స్పాట్లూ రెట్టింపు, ఇక ఆ అదనం ఎవడిస్తాడు? మళ్లీ పాత షెడ్యూలే వేశాం.