ప్రాణం తీస్తారు, పరువూ తీస్తారు: మరి ఓటో వెల్స్ మాట తెలుగులో ఎలా?

"ఫ్రైహైట్ ఉంట్ లేబెన్ కన్ మన్ ఉన్స్ నేమెన్, డీ ఎయరె నిష్ట్." 1933 మార్చి 23న బెర్లిన్‌లో జర్మన్ సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఓటో వెల్స్ అన్న మాట ఇది. ఫ్రైహైట్ అంటే స్వేచ్ఛ, లేబెన్ అంటే ప్రాణం. ఈ రెండూ మా నుంచి తీసుకోగలరు, 'ఎయరె'ను మాత్రం తీసుకోలేరు అని అర్థం. నా పేచీ అంతా ఆ 'ఎయరె'తోనే. చటుక్కున నోటికొచ్చేది 'గౌరవం'. కానీ ఆ వాక్యంలో పెట్టి పైకి చదివితే తేలిపోతోంది.

సందర్భం తెలియనివాళ్ల కోసం కొంత చెబుతాను. వెల్స్‌కి వక్తగా కన్నా పార్టీని నడిపే మనిషిగానే పేరు. 1873లో బెర్లిన్‌లో పుట్టారు. గోడలకు అలంకార కాగితం అంటించడం, కుర్చీలకు మెత్తలు కుట్టడం ఆయన నేర్చుకున్న పని. 1891లో పార్టీలో చేరి, 1912లో రైష్‌టాగ్‌కు, అంటే జర్మన్ పార్లమెంటుకు, ఎన్నికయ్యారు. 1919లో వైమార్‌లో కూర్చున్న జాతీయ సభలోనూ ఉన్నారు. అదే ఏడాది పార్టీ అధ్యక్షుల్లో ఒకరయ్యారు. 1920లో సైన్యంలో ఒక వర్గం ప్రభుత్వాన్ని కూలదోయబోతే సార్వత్రిక సమ్మెతో దాన్ని తిప్పికొట్టడంలో ఆయన చెయ్యి పెద్దది. అక్కడి నుంచి 1933 దాకా సభలోనే ఉన్నారు.

ఇక ఆ రోజు. ఫిబ్రవరి ఆఖరులో పార్లమెంటు భవనం తగలబడింది కాబట్టి సమావేశం క్రోల్ ఒపెరా అనే నాటకశాలలో పెట్టారు. లోపలా బయటా గోధుమ రంగు చొక్కాల నాజీ దళాలు. కమ్యూనిస్టులు గెలిచిన 81 సీట్లూ లెక్కలోంచి తీసేశారు. సోషల్ డెమోక్రాట్లు 120 మంది గెలిస్తే సభకు రాగలిగింది 94 మందే. మిగతావాళ్లలో కొందరు జైల్లో, కొందరు పరారీలో. హిట్లర్ అడుగుతున్నది ఏమిటంటే, నాలుగేళ్ల పాటు పార్లమెంటుతో పని లేకుండా ప్రభుత్వమే చట్టాలు చేసుకునే అధికారం. దానికి మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. కాథలిక్కుల సెంటర్ పార్టీతో సహా అందరూ తలూపారు. 444 మంది అవునన్నారు. కాదన్నది ఆ 94 మంది. వాళ్ల తరఫున లేచి మాట్లాడింది వెల్స్ ఒక్కరే.

గమనించాల్సిందేమిటంటే, ఈ వాక్యం అనగానే ఆయన చెప్పింది ఓటు సంగతి. ఇన్ని వేధింపులు పడ్డ మా పార్టీ ఈ చట్టానికి ఓటేస్తుందని న్యాయంగా ఎవరూ ఆశించలేరు అన్నారు. అంటే 'ఎయరె' గాల్లో వేలాడే పెద్ద మాట కాదు. కాసేపట్లో వెయ్యబోయే ఓటుకు అది కారణం.

ఇప్పుడు మన మాటలు చూడండి. గౌరవం ఒకరు ఇచ్చేది, మనం పుచ్చుకునేది. మర్యాద ఒకరు చేసేది. ప్రతిష్ఠ లోకంలో ఉండేది. ఇవన్నీ ఇచ్చినవాడు వెనక్కి తీసుకోగల సరుకులే. పరువు సంగతి చెప్పనే అక్కర్లేదు. ప్రాణం తీశాడు అంటాం, పరువు తీశాడు అంటాం, రెండింటికీ క్రియ ఒకటే. "మా ప్రాణం తీయగలరు గానీ పరువు తీయలేరు" అంటే తెలుగువాడు నవ్వుతాడు. పరువు తీయడం కన్నా సులువైన పని మన దగ్గర ఏముంది?

కాబట్టి వెతకాల్సింది మన దగ్గరే ఉండేదాన్ని. ఇక్కడ నాకు సాయం వచ్చింది ఒక పలుకుబడి: "అభిమానం చంపుకొని". అభిమానం చంపుకొని వాళ్ల గుమ్మం తొక్కాను అంటాం. పక్కవాడు నా అభిమానాన్ని దెబ్బ తీయగలడు, గాయపరచగలడు. చంపుకునేది మాత్రం నేనే. వెల్స్ చెబుతున్నది అచ్చంగా ఇదే కదా! మీరు లాక్కోలేరు, మేం అవునని ఓటేస్తే మాత్రం అది పోతుంది, పోగొట్టుకున్నది మేమే అవుతాం.

చిక్కల్లా ఒకటే. ఇవాళ అభిమానం అనగానే సినిమా హాలు దగ్గర కటౌట్‌కి పాలు పోసేవాళ్లు గుర్తొస్తారు. అందుకని 'ఆత్మాభిమానం' అని పొడిగించాను. నా ప్రయత్నం ఇది:

"మా స్వేచ్ఛ లాక్కోగలరు, ప్రాణం తీయగలరు. ఆత్మాభిమానం మాత్రం మీ చేతికి రాదు."

రెండో వాక్యంలో 'మీ' నేను చేర్చింది. జర్మన్‌లో ఆ 'మీరు' లేదు, 'మన్' అనే ఎవరూ కాని కర్త ఉంది. దీని మీదా అభిప్రాయాలు చెప్పండి.

వ్యాఖ్య: ఆత్మాభిమానం దాకా వచ్చినవారు ఆత్మగౌరవం దగ్గర ఎందుకు ఆగలేదండీ? వాడుకలో బలంగా ఉన్న మాట అదే కదా.

జవాబు: బలంగా ఉండటమే ఇబ్బంది. 1980ల్లో తెలుగువారి ఆత్మగౌరవం అని ఎన్టీఆర్ ఊరూరా తిరిగారు, తర్వాత తెలంగాణ ఉద్యమమూ ఆ మాటనే పట్టుకుంది. రెండు చోట్లా అది మాకు దక్కలేదు, దక్కాలి అనే డిమాండు. వెల్స్ అడగడం లేదు, ఉన్నదాని గురించి చెబుతున్నారు. ఆ మాట వాడితే మన పాఠకుడి చెవిలో ఢిల్లీ మీద పోరాటం మోగుతుంది, క్రోల్ ఒపెరా కాదు.

వ్యాఖ్య: మా వైపు ఇజ్జత్ అంటాం. కానీ మీ లెక్క ప్రకారం అదీ పనికిరాదు. ఇజ్జత్ తీసిండు, ఇజ్జత్ పోయింది, ఇవే ఎక్కువ వింటాం. ఇజ్జత్ అంటే నలుగురి ముందటి సంగతి. ఒంటరిగా ఉన్నోడికి ఇజ్జత్ ఏంది?

వ్యాఖ్య: అందరూ 'మానం' అనే మాటను వదిలేసి చుట్టూ తిరుగుతున్నారు. మానధనుడు, అభిమానధనుడు అని పెద్దలు అన్నది ఏ అర్థంలో? మానభంగం అన్న సమాసం ఒక్కటే మిగిలి ఆ మాటను స్త్రీల మీదికి నెట్టేశాం గానీ, అసలు అర్థం ఎయరెకి దగ్గర. ఇంకొకటి. వెల్స్ చెప్పిన మూడింటినీ పోలిన మూడూ పోతన ఒకే పాదంలో పెట్టాడు: "వారిజాక్షులందు వైవాహికములందు / ప్రాణవిత్తమానభంగమందు". ప్రాణం, విత్తం, మానం. విత్తం ఉన్న చోట జర్మన్‌లో స్వేచ్ఛ ఉంది. అంతే తేడా.

జవాబు: మాస్టారూ, పద్యం గుర్తుచేసి మంచి పని చేశారు. కానీ ఆ పద్యం చెబుతున్నది వెల్స్‌కు సరిగ్గా ఎదురు. అది శుక్రాచార్యుడు బలికి చెప్పే నీతి. ఈ మూడింటికీ ముప్పు వస్తే "బొంకవచ్చు", పాపం అంటదు అంటాడు. 1933లో సెంటర్ పార్టీవాళ్లు నమ్మింది ఆ లెక్కనే. ఇప్పటికి సరే అనేద్దాం, చర్చినీ పార్టీనీ కాపాడుకుందాం అనుకున్నారు. ఆ జూలైకల్లా వాళ్ల పార్టీ కూడా మిగల్లేదు. వెల్స్‌కు పోలిక కావాలంటే బలి ఇచ్చే జవాబులో ఉంది: "నిరయంబైన నిబంధమైన" అని మొదలయ్యే పద్యం. నరకమైనా సరే, కట్టిపడేసినా సరే, దుర్మరణమైనా సరే, "తిరుగన్ నేరదు నాదు జిహ్వ" అంటాడు. నిబంధం, దుర్మరణం: స్వేచ్ఛా ప్రాణమూ రెండూ పోయే మాటలే. అక్కడ బలి మానం అనే మాటే ఎత్తడు, నాలుక అంటాడు. అనువాదకుడిగా నాకు అసూయ పుట్టించే ఎంపిక అది.

'మానం' మీద మీ వాదన ఒప్పే. అచ్చులో పెడితే మాత్రం పాఠకుడు ఒక్క క్షణం వేరే అర్థానికి పోయి వెనక్కి వస్తాడు. ఆ క్షణం నాకు ఖరీదు.

వ్యాఖ్య: వ్యాకరణం వైపు నుంచి ఒక మాట. 'మన్'కి తెలుగులో సరైన జోడీ '-వచ్చు'. "మా ప్రాణం తీయవచ్చు, స్వేచ్ఛ లాక్కోవచ్చు." కర్త ఎవరో చెప్పక్కర్లేదు. 'మీ' చేర్చాల్సిన పని తప్పుతుంది.

జవాబు: మొదట నేనూ అలాగే రాశాను. మళ్లీ చదివితే "రండి, తీసుకోండి" అని అనుమతి ఇస్తున్నట్టు వినిపించింది. పైన వచ్చిన "బొంకవచ్చు"లో ఉన్నది కూడా ఆ అనుమతే. '-గలరు' వాడితే శక్తి గురించే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. పైగా 'వాళ్లు' అనీ 'మీరు' అనీ రెండు విధాలా పలుకుతుంది. ఎదుట కూర్చున్నది హిట్లర్ కాబట్టి ఆ రెండు విధాలూ నాకు కావాలి. 'ఉన్స్', అంటే 'మా నుంచి' అనే మాట, సంగతి మాత్రం తెలుగులో జర్మన్ కన్నా పదునుగా వస్తుంది. అక్కడ 'మన'కీ 'మా'కీ తేడా లేదు, తెలుగులో ఉంది. 'మా' అన్న ఒక్క అక్షరంతో ఎదుటి బల్లలవాళ్లంతా బయటికి పోతారు. అదే ప్రసంగం చివర్లో దేశమంతటా వేధింపులు పడుతున్న సహచరులకు ఆయన నమస్కారం చెబుతారు. అక్కడా 'మా మిత్రులు' అనాల్సిందే.

వ్యాఖ్య: పదాల సంగతి సరే, మనిషి సంగతి కూడా చూడాలి కదా. 1914లో యుద్ధానికి అప్పులు మంజూరు చేస్తూ ఓటేసిన పార్టీ ఇది. 1918 చివర్లో వెల్స్ బెర్లిన్ నగర సైనిక అధికారిగా ఉన్నప్పుడే డిసెంబరు 6న ఊరేగింపు మీద కాల్పులు జరిగి జనం చచ్చిపోయారు. 1932లో జర్మనీలోకెల్లా పెద్ద రాష్ట్రం ప్రష్యా ప్రభుత్వాన్ని ఒక్క ఉత్తర్వుతో పీకేస్తే సమ్మెకు కూడా పిలుపు ఇవ్వలేదు. 1920లో చేసినవాళ్లే! ఒక్క ప్రసంగంతో అదంతా మరిచిపోదామా?

జవాబు: వద్దు. ఇంకొకటి నేనే కలుపుతాను. ఈ ప్రసంగం అయిన రెండు నెలలకు, మే 17న, హిట్లర్ విదేశాంగ తీర్మానానికి సభలో మిగిలిన సోషల్ డెమోక్రాట్లు అవునని ఓటేశారు. అప్పటికి వెల్స్ దేశం విడిచి వెళ్లిపోయారు. జూన్ 22న పార్టీనే నిషేధించారు. అంటే ఆ సర్దుబాటు కూడా కలిసిరాలేదు. 1932లో ఎందుకు కదల్లేదంటే, 60 లక్షల మంది పనుల్లేక రోడ్ల మీదున్న దేశంలో సమ్మె నిలబడదని వాళ్ల భయం. ఆ భయానికి ఆధారం ఉంది. అయినా ప్రయత్నించకపోవడం తప్పే అని నా అభిప్రాయం. మార్చి 23 విలువ దీనివల్ల తగ్గుతుందని మాత్రం అనుకోను. ఆ హాల్లోంచి ఇంటికి చేరతారో లేదో తెలియని 94 మంది కాదన్నారు. ఆగస్టులో మొదటి విడతగా జర్మన్ పౌరసత్వం ఊడబెరికిన 33 మందిలో వెల్స్ ఒకరు. తర్వాత ప్రాగ్, 1938లో పారిస్. యుద్ధం మొదలైన రెండు వారాలకు, 1939 సెప్టెంబరు 16న, అక్కడే పోయారు. ఇప్పుడు బెర్లిన్ పార్లమెంటు భవనంలో ఆ పార్టీ సభ్యులు సమావేశమయ్యే గదికి ఆయన పేరే.

వ్యాఖ్య: ఆ ప్రసంగంలో ఇంకో చోట ప్రాస ఉందని విన్నాను. నిజమేనా?

జవాబు: ఉంది. "వేర్లోస్ ఇస్ట్ ఆబర్ నిష్ట్ ఎయర్లోస్." వేర్లోస్ అంటే ఎదురు తిరిగే సాధనం లేనివాడు, ఎయర్లోస్ అంటే ఎయరె లేనివాడు. అది వెల్స్ కొత్తగా అన్నది కాదు. 1919 జూన్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడాక వచ్చిన వెర్సాయ్ ఒప్పందం మీద సంతకం పెట్టక తప్పనప్పుడు సోషల్ డెమోక్రాట్ల నాయకత్వంలోని ప్రభుత్వం చెప్పిన మాటను గుర్తుచేస్తూ తిరిగి చదివారు. దేశం పరువు తీశారని పద్నాలుగేళ్లుగా తిట్లు తిన్న పార్టీ, తిట్టినవాళ్ల ఎదుట ఆ మాటే ఎత్తడం. అందుకే ఎయరెని వదిలి ఇంకో మాట పెట్టుకునే వీలు మనకు లేదు. రెండు చోట్లా ఒకే మాట రావాలి. ప్రాస కోసం "నిరాయుధులం, నిరభిమానులం కాము" అని రాసుకున్నాను. అభిమానం మీద నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

వ్యాఖ్య: నిరాయుధులం, నిరభిమానులం బాగుంది. కానీ వ్రాతలో బాగుంది, నోట్లో కాదు. "చేతులు ఖాళీ, తల వంచం" అంటే?

జవాబు: చెవికి ఇంపుగా ఉంది, నాకు నచ్చింది. కానీ అందులో ఎయరె పోయింది, అసలు వాక్యంతో ముడి తెగుతుంది. ప్రాసా ముడీ రెండూ నిలిపే మాట ఎవరికైనా తడితే ఇక్కడే పెట్టండి. ఇంకో చిన్న పని కూడా ఉంది. వెల్స్ కూర్చోగానే హిట్లర్ లేచి జర్మన్ కవి షిల్లర్ నాటకంలోంచి ఒక ముక్క విసిరాడు: "ష్పేట్ కొమ్ట్ ఈర్, డోహ్ ఈర్ కొమ్ట్." ఆలస్యమైంది గానీ వచ్చారు అని. దాన్ని "ఇప్పటికైనా దయచేశారా!" అని రాశాను. వెటకారం సరిపోయిందో, మోతాదు మించిందో చెప్పండి.