లంకమల బండశాసనం మీద పడిన పెయింటును ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా సిద్ధవటం ప్రాంతం. ఏటా శివరాత్రికి లంకమల అడవిలోని శివక్షేత్రం నిత్యపూజకోనకు నడిచి వెళ్లే మేము, దారిపక్క బండల మీది గీతలు అక్షరాలని ఎన్నడూ అనుకోలేదు. 4వ శతాబ్దపు బ్రాహ్మీ లిపి మొదలుకొని శంఖలిపి (శంఖంలా మెలికలు తిరిగిన అక్షరాల పాత లిపి), నాగరి, 16వ శతాబ్దపు తెలుగు దాకా ఈ లంకమల అడవిలో శాసనాలున్నాయని 2025లో పురావస్తు సర్వేక్షణ శాఖ వారు ప్రకటించిన తరువాతే వాటిని ఆగి చూడడం నేర్చుకున్నాను.

ఈసారి ఒక బండ మీద ఎవరో ఎర్ర పెయింటుతో తమ పేర్లు రాసుకున్నారు. రెండు అక్షరాలు పూర్తిగా కప్పబడిపోయాయి. వేలు పెట్టి తడిమితే గాడి మాత్రం తగులుతోంది. నాకు చాలా బాధ కలిగింది. తోడు వచ్చినవారు థిన్నర్ పోసి ఇనుప బ్రష్‌తో రుద్దుదామన్నారు గానీ, అక్షరం అంచులు అరిగిపోతాయన్న భయంతో నేను వద్దన్నాను.

రాతికి హాని లేకుండా పెయింటు తీయించే పద్ధతి ఉందా? అడవి అటవీశాఖది, శాసనం పురావస్తు శాఖ చూడవలసినది కాబట్టి, అర్జీ మొదట ఎవరికి ఇవ్వాలి? మైసూరులో ఉన్న పురావస్తు సర్వేక్షణ శాఖ వారి శాసన విభాగానికి నేరుగా రాయవచ్చా? సాయంత్రపు ఏటవాలు వెలుగులో తీసిన ఫోటోలు నా దగ్గర ఉన్నాయి. చదవడానికి అవి చాలుతాయా? గుప్తనిధుల కోసం తవ్వేవారి భయం వల్ల బండ ఉన్న చోటును ఇక్కడ రాయడం లేదు, దయచేసి మన్నించండి.