ఉదరవితానం ఎవరి మాట వింటుంది?

గోదారిగట్టు: మా పాపకు యూనిట్ టెస్టులో ఒక బిట్టు ఇచ్చారు. ఉదరవితానం (ఊపిరితిత్తుల కింద ఉండి ఊపిరి తీయించే కండరం) నియంత్రిత కండరమా, అంటే మన ఇష్టప్రకారం కదిలేదా, లేక తనంతట తాను పనిచేసే అనియంత్రిత కండరమా? ‘నియంత్రిత’ అని రాస్తే టీచరు కొట్టేశారు. ‘నిద్రలో గుర్తుపెట్టుకుని ఊపిరి తీస్తున్నావా?’ అన్నారట. నాకూ సబబే అనిపించింది. మీరేమంటారు?

చల్లగాలి: టీచరుదే రైటు. ఊపిరి బిగబట్టి చూడండి. కాసేపటికి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిపోయి, మెదడు అడుగున ఉన్న మజ్జాముఖం మిమ్మల్ని అడక్కుండానే ఊపిరి తీయిస్తుంది. చివరిదాకా మన మాట వినని కండరం నియంత్రితం ఎలా అవుతుందండీ?

ఎర్రసిరా: కాసేపైనా బిగబట్టగలిగారు కదా! అంతసేపు గుండెను ఆపి చూపించండి, పేగుల కదలికను ఆపండి. ఉదరవితానం మన చేతులూ కాళ్ల కండరాల్లాగే చారల కండరం. మెడ దగ్గర వెన్నుపాము నుంచి వచ్చే ఫ్రీనిక్ నరం చెబితేనే కదులుతుంది. గుండెకు ఆ అవసరం లేదు. మార్పిడి చేసేటప్పుడు నరాలన్నీ తెగిపోయినా కొట్టుకుంటుంది, పైగా కాస్త వేగంగా.

చల్లగాలి: గుండె కండరానికీ చారలున్నాయి మరి. చారల లెక్క అక్కడే తప్పింది.

ఎర్రసిరా: సరే, చారల మాట వెనక్కి తీసుకుంటున్నా. నరం సంగతి మాత్రం వదలను.

తెల్లకోటు: ఐసీయూలో నర్సుగా చేశాను కాబట్టి ఒకటి చెప్తాను. వానాకాలంలో కట్లపాము కాటు కేసులు వచ్చేవి, ఎక్కువగా రాత్రి నేలమీద పడుకున్నవాళ్లు. ముందు కనురెప్పలు వాలిపోతాయి. మాట ముద్దగా వస్తుంది, మింగలేరు, ఆఖరికి ఊపిరి అందదు. నరం పంపే కబురును ఆ విషం కండరానికి చేరనివ్వదు. గుండె మాత్రం కొట్టుకుంటూనే ఉంటుంది! వెంటిలేటర్ మీద పెట్టి కాపాడుకుంటే మళ్లీ లేచి కూర్చుంటారు. పాము లెక్కలో రెప్పా, నాలుకా, ఉదరవితానం ఒకే కోవలోవి.

చల్లగాలి: ఆ మాట ఒప్పుకోవాల్సిందే. కానీ పుట్టుకతోనే ఊపిరిని నడిపే ఏర్పాటు సరిగా లేని పిల్లలు కొందరుంటారు. మెలకువగా ఉన్నప్పుడు ఫరవాలేదు, నిద్రపోతే ఊపిరి చాలదు, రాత్రిళ్లు మెషిన్ పెట్టాలి. అంటే నైట్ డ్యూటీ ఎవరిదో తెలుస్తోంది కదా.

ఎర్రసిరా: డ్యూటీ ఎవరు చేసినా, పగలు పగ్గాలు మన చేతికీ వస్తాయి. లేకపోతే పాటలూ లేవు, ఈత కూడా లేదు.

గోదారిగట్టు: శనివారం పేరెంట్స్ మీటింగ్ ఉంది. ఒక్క మార్కు కోసం పాముల దాకా వెళ్లాలా అని మా ఆవిడ నవ్వుతోంది. పాపేమో ‘మరి ఎక్కిళ్లు ఎవరి డ్యూటీ?’ అంటోంది.