ఎయిర్‌పోర్టులో కొత్త ఉద్యోగం: సీనియర్ పార్శిల్ లోపలికి తెమ్మంటే ఏం చెప్పాలి?

గాజువాక కుర్రాడు:
అందరికీ నమస్తే. ఈమధ్యే విశాఖ ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ హ్యాండ్లింగ్‌లో చేరాను. సెక్యూరిటీ క్లాసు అయింది, ఏఈపీ కార్డు (ఎయిర్‌పోర్టు లోపలికి వెళ్లనిచ్చే స్టాఫ్ పాస్) చేతికొచ్చింది. మా షిఫ్ట్‌లో ఒక సీనియర్ ఉన్నాడు, మంచివాడే, నాకు పని నేర్పింది కూడా ఆయనే. వాళ్ల బావమరిది ఈ వారం హైదరాబాద్ ఫ్లైట్ ఎక్కుతున్నాడట, "మాడుగుల హల్వా ప్యాకెట్ ఇస్తాను, నువ్వెలాగూ స్టాఫ్ గేటు నుంచే వస్తావు కదా, లోపల వాడి చేతికి ఇచ్చెయ్" అంటున్నాడు. కాదంటే ఏమనుకుంటాడో, ఔనంటే ఏమవుతుందో తెలీక చూద్దాంలే అన్నాను. ఇంకోటి, కార్డు పెడితే తెరుచుకునే తలుపు దగ్గర వెనకే ఎవరైనా వస్తుంటే పట్టుకుని ఉంచమంటారు. తెలిసిన మనిషి ముఖం మీద తలుపు ఎలా వేస్తాం? గొడవ పడకుండా ఎలా చెప్పాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

షీలానగర్ పాతకాపు:
తమ్ముడూ, ముందు ఒక్కటి ఆలోచించు. హల్వాకి ఎయిర్‌పోర్టులో ఏ నిషేధమూ లేదు, బావమరిది తన బ్యాగులో పెట్టుకుని స్కానర్ దాటించుకోవచ్చు, మరి మధ్యలో నీ చెయ్యి ఎందుకు? ఆ సీనియర్ చెడ్డవాడని అనట్లేదు, ఆయనకి ఆ ప్యాకెట్ ఇచ్చింది ఎవరో ఆయనకైనా తెలుసా అని అడుగుతున్నా. 2016 ఫిబ్రవరిలో సోమాలియా రాజధాని మొగదిషులో ఇలాగే జరిగింది. చెకింగ్ దాటి వచ్చిన ప్రయాణికుడికి ఎయిర్‌పోర్టు పనివాళ్లే ఒక లాప్‌టాప్ అందించారు, అది సీసీటీవీలో రికార్డయింది కూడా. అందులో బాంబు ఉంది. విమానం ఇంకా బాగా ఎత్తుకి వెళ్లకముందే పేలింది కాబట్టి పక్కన పెద్ద కన్నం పడినా తిరిగొచ్చి దిగగలిగింది, చనిపోయింది బాంబు తెచ్చినవాడు ఒక్కడే. స్టాఫ్‌ని కూడా ప్రయాణికుల్లాగే చెక్ చేసేది ఇందుకే.

ఎన్ఏడీ గురుడు:
ఇదంతా వినడానికి బాగుంది గురూ. మొగదిషు ఎక్కడ, మన ఊరు ఎక్కడ? ఇక్కడ అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే. పైగా కాంట్రాక్ట్ కుర్రాడు సీనియర్‌కి రూల్స్ చెప్తే ఏమవుతుందో తెలుసా, వచ్చే నెలంతా నైట్ డ్యూటీలే. ఆ సంగతి ఏ క్లాసులోనూ చెప్పరు.

కాఫీ కౌంటర్ అక్క:
మన ఊళ్లో ఏమీ జరగదని ఎలా అంటారండీ? 2018 అక్టోబర్ 25 మర్చిపోయారా? అప్పటి ప్రతిపక్ష నేత జగన్ మీద వీఐపీ లాంజ్‌లో కోడి కత్తితో దాడి జరిగింది మన ఎయిర్‌పోర్టులోనే. పట్టుబడిన నిందితుడు అక్కడి రెస్టారెంట్‌లో పనిచేసే కుర్రాడు. రాజకీయం సంగతి నాకొద్దు, ఇక్కడ ఆ గొడవ పెట్టకండి. లోపల పనిచేసే మనిషి చేతిలోకి కత్తి ఎలా వచ్చిందని అడిగితే మన దగ్గర జవాబు ఉండాలి కదా, నేను అనేది అదే. నేను పనిచేసే చోట కూరగాయలు కోసే కత్తి కూడా రోజూ లెక్కలో ఉంటుంది, షిఫ్ట్ మారేటప్పుడు సంతకం పెట్టి అప్పజెప్తాం. మొదట్లో చిరాకేసేది, ఇప్పుడు లెక్క రాస్తేనే నాకు ధైర్యం, ఏదైనా పోతే నా మీదకి రాదు.
అయితే నైట్ డ్యూటీల మాట మాత్రం నిజం. అలా కక్ష కట్టే సూపర్‌వైజర్లు ఉంటారు.

షీలానగర్ పాతకాపు:
కక్ష కట్టకుండా చెప్పే పద్ధతి ఉంది. ఉపన్యాసం ఇవ్వకు. "అన్నా, గేటు దగ్గర సెక్యూరిటీ చూసే సీఐఎస్ఎఫ్ వాళ్లు ఇదెవరిదని అడిగితే నాది కాదని చెప్పాలి, అప్పుడు నీ పేరే వస్తుంది, కార్డు ఇద్దరిదీ పోతుంది, బావమరిదినే తీసుకెళ్లమను" అను. ఆయన మంచికే చెప్పినట్టు ఉంటుంది, నిజం కూడా అదే. మళ్లీ మళ్లీ ఒత్తిడి చేస్తే మాత్రం అది హల్వా కాదనుకో, డ్యూటీ మేనేజర్‌కో సీఐఎస్ఎఫ్‌కో చెప్పాల్సిందే.
తలుపు సంగతి ఇంకా తేలిక. నీ వెనక వచ్చే మనిషిని నిన్న సాయంత్రమే ఉద్యోగంలోంచి తీసేసి ఉండొచ్చు. ముఖం అదే, యూనిఫాం అదే, కార్డు మాత్రం చెల్లదు. అది ఆ మెషీన్‌కి తెలుస్తుంది కానీ నీకు తెలీదు. "కార్డు పెట్టు అన్నా, కెమెరా చూస్తోంది" అని నవ్వుతూ అంటే ఎవరూ ఏమీ అనుకోరు. ఒకవేళ నీ కార్డే పోతే ఇంట్లో వెతుకుతూ రోజులు గడపకు, వెంటనే కంపెనీకి చెప్పి పోలీస్ కంప్లయింట్ ఇవ్వు.

డాల్ఫిన్ నోస్:
ఫోన్ గురించి ఎవరూ చెప్పలేదేం? మనది మామూలు ఎయిర్‌పోర్టు కాదు, రన్‌వే ఐఎన్ఎస్ డేగాది, అంటే నేవీది. ఆప్రాన్ మీద, అంటే విమానాలు ఆగే చోట, సెల్ఫీ తీసి స్టేటస్ పెడితే వెనకాల ఏముందో నువ్వు చూసుకోవు, చూడాలనుకున్నవాడు చూస్తాడు. 2019 డిసెంబర్‌లో నేవీలో పనిచేసే ఏడుగురిని పోలీసులు గూఢచర్యం కేసులో అరెస్ట్ చేశారు, ఫేస్‌బుక్‌లో అమ్మాయిల పేరుతో పరిచయం చేసుకుని సమాచారం లాగారని కేసు. ఆ తర్వాత నేవీ స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లే ఆపేశారు. పరిచయం లేని అమ్మాయి నీ షిఫ్ట్ టైమింగ్స్ అడుగుతుంటే మురిసిపోకు తమ్ముడూ.

ఎన్ఏడీ గురుడు:
సరే, తలుపు పాయింట్ ఒప్పుకున్నా, నిన్న తీసేసిన మనిషి సంగతి నాకు తట్టలేదు. కానీ ఎంతసేపూ బాంబులూ గూఢచారులేనా? ర్యాంప్ మీద, అంటే అదే ఆప్రాన్ మీద, మనుషులు ఎక్కువగా దెబ్బ తినేది తొందరపాటు వల్ల. 2015 డిసెంబర్‌లో ముంబయిలో పుష్‌బ్యాక్ టైమ్‌లో, అంటే విమానాన్ని వెనక్కి నెట్టేటప్పుడు, ఒక టెక్నీషియన్‌ని ఇంజిన్ లోపలికి లాగేసుకుంది. విమానం మీద ఎర్ర లైటు తిరుగుతుంటే ఎవడు పిలిచినా దగ్గరికి పోకు. ఏటీఆర్ (ప్రొపెల్లర్లు ఉండే చిన్న విమానం) దగ్గర ఇంకా జాగ్రత్త. నేల మీద ఉన్నప్పుడు కరెంటు కోసం, ఏసీ కోసం కుడి ఇంజిన్ నడుపుతూనే ప్రొపెల్లర్‌ని బ్రేక్ వేసి ఆపుతారు, ప్రొపెల్లర్ రెక్కలు కదలట్లేదు కదా అని దాని కింద నుంచి షార్ట్‌కట్ కొట్టేవాళ్లని చూశాను. కింద బోల్టో ప్లాస్టిక్ ముక్కో కనిపిస్తే నీ పని కాకపోయినా తియ్యి, అది ఇంజిన్‌లోకి పోతే కథ వేరే.

గాజువాక కుర్రాడు:
అందరికీ థాంక్స్. సీనియర్‌తో పాతకాపు అన్న చెప్పినట్టే అన్నాను, రెండు నిమిషాలు మొహం ముడుచుకుని, తర్వాత బావమరిదికి బయటే ఇచ్చేస్తాలే అన్నాడు. ఇంకో డౌట్, ఇంజిన్ చప్పుడుకి చెవులకి పెట్టుకునే ఇయర్ మఫ్స్ అడిగితే స్టాక్ లేదు, సొంతంగా కొనుక్కో అంటున్నారు. కొనాలా?

కాఫీ కౌంటర్ అక్క:
కొనకు. నువ్వు కొంటే ఇక అందరూ కొనుక్కోవాల్సిందే. మెయిల్‌లో అడుగు, సేఫ్టీ వాళ్లకి కూడా కాపీ పెట్టు. అవి వచ్చేదాకా ఇంజిన్ దగ్గర డ్యూటీ వెయ్యొద్దని అదే మెయిల్‌లో రాయి.