యొరుబా దుందున్: అది సంకేతం కాదు, మాటే

పశ్చిమ ఆఫ్రికాలోని యొరుబావారు మాటలు పలికించే దుందున్ డోలును టెలిగ్రాఫుతో పోల్చడం సరికాదని నా గట్టి అభిప్రాయం. టెలిగ్రాఫులో ఒక్కో అక్షరానికి ఒక గుర్తు ఉంటుంది. దుందున్‌లో గుర్తులు లేవు. మాట ఏ రాగంలో పలుకుతుందో ఆ రాగమే డోలులోంచి వస్తుంది.

నైరుతి నైజీరియాలో, పక్కనున్న బెనిన్‌లో మాట్లాడే యొరుబా భాషలో గొంతు స్థాయి మారితే అర్థమే మారిపోతుంది. ‘ఒకొ’ అన్న మాటే చూడండి. రెండక్షరాలూ మధ్య స్థాయిలో ఉంటే భర్త. రెండోది పైకి లేస్తే గుద్దలి, కిందికి దిగితే బండి. రెండూ దిగితే ఈటె!

దుందున్ మేళంలో పెద్దది ఇయాలు, అంటే తల్లి డోలు. డమరుకంలా నడుము సన్నగా ఉంటుంది. దాన్ని భుజానికి వేలాడదీసుకుని, రెండు మూతలను కలిపే తోలు పట్టీలను ఒక చేత్తో బిగిస్తూ వదులుతూ, రెండో చేతిలోని వంకర కర్రతో వాయిస్తారు. బిగిస్తే స్థాయి లేస్తుంది, వదిలితే దిగుతుంది. మాటలో గొంతు జారినట్టే డోలు స్వరమూ జారుతుంది. షాంగో దేవుడి కొలువులో మోగే బాటా డోలుకు ఆ వీలు లేదు. దాన్ని యొరుబావారు నత్తిది అంటారు.

అచ్చులూ హల్లులూ లేకుండా అర్థమెలా తెలుస్తుంది? ఉత్పలమాల గణాలు మాత్రమే చదివితే అది ఏ పద్యమో చెప్పలేం కదా, ఇక్కడా అంతే. ఒకప్పుడు నైజీరియా రేడియో తన పేరును డోలు మీద వాయించేది. ఇబాదాన్ జనం అదే రాగంలో ‘ఒలుబాదాన్ చనిపోతే పదవి ఎవరికి?’ అన్న యొరుబా వాక్యాన్ని విన్నారు. ఒలుబాదాన్ అంటే ఆ ఊరి రాజు.

ప్రశ్న: అయితే యొరుబా వస్తే చాలదా?

జవాబు: చాలదు. ఒరికి తెలియాలి. ఒరికి అంటే ఒక మనిషినో, వంశాన్నో, ఊరినో పొగిడే బిరుదుల వరస. అందరి నోళ్లలో నానిన ఆ పదబంధాలే శ్రోతకు దారి చూపుతాయి. వాటిని చిన్నప్పటి నుంచే నేర్చుకునే వాద్యకారుల వంశాలున్నాయి. డోలు దైవం అయాన్ పేరే వారి పేర్లకు ముందు వస్తుంది: అయాన్వలే, అయాన్దెలే. రాజు కొలువులో వచ్చినవారెవరో ముందుగా చాటేది వీరి డోలే. నేటి పెళ్లిళ్లలోనూ తన వంశపు ఒరికి వినబడగానే అతిథి ఆగి, నోటు తీసి వాద్యకారుడి నుదుటికి అంటిస్తాడు.