డిస్క్ ప్లేయర్ కలిసున్న టీవీయా, రెండూ విడివిడిగానా?

ఊరి బండి:
ఊళ్ళో అమ్మానాన్నలకి టీవీ కొనాలి. పెళ్లి డీవీడీలు, పాత సినిమాల వీసీడీలు ఓ పెట్టెడున్నాయి. పాత స్టాకులో పక్కనుంచి డిస్క్ తోసే 24 అంగుళాల టీవీ ఒకటి దొరుకుతోంది. వైర్ల గొడవ ఉండదు, రిమోట్ ఒకటే. అది తీసుకోవచ్చా, లేక 32 అంగుళాల మామూలు టీవీ, ప్లేయర్ విడిగా కొనాలా?

వైర్లకట్ట:
విడిగానే కొనండి. కలిపి వచ్చే సెట్లలో ముందు మొరాయించేది డిస్క్ భాగమే. లెన్స్‌కి దుమ్ము పడుతుంది, డిస్కుని లోపలికి లాగే రబ్బరు రోలర్ అరిగి జారుతుంది. డిస్క్ ఇరుక్కుందంటే టీవీ మొత్తం విప్పాలి, పాత మోడల్‌కి లేజర్ యూనిట్ దొరకడం కష్టం. విడి ప్లేయర్ అయితే ప్లగ్ పీకి, పైమూత స్క్రూలు తీసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన ఇయర్ బడ్‌తో లెన్స్‌ని మెల్లగా తుడిస్తే చాలాసార్లు దారికొస్తుంది.

డబ్బా మీద వీసీడీ అని రాసుందో లేదో చూడండి. బ్లూరే ప్లేయర్లు చాలా వాటిలో వీసీడీ ఆడదు. అమెరికాలో కొన్న డిస్కులుంటే వాటి రీజియన్ (ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె) 1, మనది 5. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయర్ కావాలి.

స్టీరియో మామ:
ఒక్క విషయంలో ఆ చిన్న టీవీదే పైచేయి. వీసీడీ బొమ్మ 352×288 చుక్కలే, డీవీడీ అయినా 720×576. తెర పెరిగేకొద్దీ మసక పెరుగుతుంది. మీ డిస్కుల కోసమైతే 32 దాటొద్దు. పాత పెళ్లి వీడియోలకి తెర కొలత 4:3 పెట్టండి, లేకపోతే పెళ్లికూతురు దగ్గర్నుంచి పురోహితుడి దాకా అందరూ లావైపోతారు.

అసలు పని వేరే ఉంది. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కుల్లో రంగుపొర ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. ఇప్పుడే కంప్యూటర్లోకి ఎక్కించి, హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎంపీ4గా మార్చండి. అందులో డీఇంటర్లేస్ (గీతలు విడివిడిగా ఉన్న బొమ్మని కలిపే సెట్టింగు) ఆన్ చెయ్యకపోతే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్ళలా చీలతాయి. డీవీడీలో వీడియో ఉండే వీఓబీ ఫైళ్లు అలాగే పెన్‌డ్రైవ్‌లో వేస్తే కొన్ని టీవీలు చదవవు.

ఊరి బండి:
హెచ్‌డీఎంఐ లేని చవక ప్లేయర్ తెచ్చి, పసుపు, తెలుపు, ఎరుపు వైర్లతో కలిపాం. బొమ్మ నలుపు తెలుపుల్లోనే వస్తోంది. ప్లేయర్ పోయినట్టేనా?

వైర్లకట్ట:
పోలేదండీ. చాలా టీవీల్లో పసుపు, ఆకుపచ్చ పిన్నులకి ఒకటే రంధ్రం ఉంటుంది. టీవీ ఇన్‌పుట్ ‘కాంపొనెంట్’లో (బొమ్మకి ఆకుపచ్చ, నీలం, ఎరుపు వైర్లు వాడే పద్ధతి) ఉంటే రంగు రాదు, ‘ఏవీ’కి మార్చండి. అప్పటికీ రాకపోతే ప్లేయర్ సెట్టింగుల్లో వీడియో అవుట్‌పుట్‌ని ‘కాంపోజిట్’ (బొమ్మంతా ఒక్క పసుపు వైరులో పంపే పద్ధతి) చేసి, టీవీ సిస్టమ్‌ని పాల్ (PAL, మన దేశంలో వాడే రంగుల పద్ధతి) లేదా ఆటోలో పెట్టండి. మీ టీవీకి హెడ్‌ఫోన్ పిన్నులాంటి ఒకే ఏవీ రంధ్రం ఉంటే మాత్రం ఆ టీవీతో వచ్చిన అడాప్టర్ వైరే వాడాలి. బయట కొన్నవాటిలో వరస మారి, బొమ్మ ఎరుపు పిన్నులోకి వెళ్తుంటుంది.