కౌంట్‌డౌన్‌ని ‘ఎదురులెక్క’ అనవచ్చా?

అందరికీ నమస్కారం. పిల్లలతో కలిసి క్రిస్మస్ కౌంట్‌డౌన్ క్యాలెండర్ చేస్తున్నాం. ఒక అట్ట, దాని మీద 24 బుల్లి తలుపులు. రోజుకొకటి తెరిస్తే వెనక ఒక బొమ్మో చీటీయో ఉంటుంది. పైన పేరు రాద్దామని స్కెచ్ పెన్ను తీస్తే మా ఎనిమిదేళ్ల పాప "కౌంట్‌డౌన్‌ని తెలుగులో ఏమంటారు?" అని అడ్డుపడింది. నేను తడుముకుంటుంటే తనే "ఎదురీత ఉంది కదా, అలాగే ఎదురులెక్క" అనేసింది. నాకు నచ్చింది. కానీ ఇలా కొత్తమాట కట్టొచ్చా? పెద్దలు చెప్పాలి.

జవాబు: తిరోగణన అనవచ్చు కదండీ. సంస్కృత సమాసం, అర్థం కూడా స్పష్టం.

జవాబు: స్పష్టమే గానీ, తిరోగమనం గుర్తొస్తోంది. పండగ దగ్గరికొస్తుంటే మనం వెనక్కి పోతున్నామా? ‘తలకిందుల లెక్క’ అందామంటే అది లెక్క తప్పినట్టుంది. బడి లెక్కల్లో అవరోహణ క్రమం అంటారు, పిల్లలకి తెలిసిన మాటే, కానీ క్యాలెండర్ నెత్తిన పెడితే పరీక్ష పేపరులా ఉంటుంది. నా ఓటు పాపకే. ‘ఎదురు’లో రెండు అర్థాలున్నాయి చూడండి. ఎదురీత, ఎదురుగాలి అన్నప్పుడు వ్యతిరేక దిశ. ఎదురుచూపు, ఎదురువెళ్ళడం అన్నప్పుడు వచ్చేవాళ్ల వైపు తిరగడం. ఈ క్యాలెండర్‌లో రెండూ ఉన్నాయి: అంకెలు వెనక్కి నడుస్తాయి, మనసు ముందుకు చూస్తుంది. కౌంట్‌డౌన్‌లో ఆ రెండోది లేదు.

జవాబు: మాట సరే, అంకెలు ఎలా వేశారు? చాలామంది తడబడేది అక్కడే. బయట కనిపించే ఈ క్యాలెండర్లలో అంకెలు 1 నుంచి 24కి పెరుగుతాయి, అంటే అవి తేదీలు. నిజంగా ఎదురులెక్క కావాలంటే డిసెంబరు 1న 24వ అంకె తెరవాలి. తెలుగులో ఈ తేడా ఒక్క అక్షరంలో తెలిసిపోతుంది: "ఎన్నో రోజు?" అంటే తేదీ, "ఎన్ని రోజులు?" అంటే మిగిలినవి. ‘ఎన్నో’కి ఇంగ్లీషులో ఒక్క మాట దొరకదు. తలుపు బయట ‘ఎన్నో’ జవాబు, లోపల ‘ఎన్ని’ జవాబు రాయించండి. రెండూ కూడితే ప్రతి రోజూ 25 రావాలి. రాకపోతే ఎక్కడో తప్పు రాసినట్టే.

జవాబు: చరిత్ర ఒక ముక్క. జర్మనీలో 19వ శతాబ్దంలో కొన్ని ఇళ్లలో తలుపు మీద సుద్దతో 24 గీతలు గీసి, రోజుకొకటి చెరిపేవారు. అది అసలైన ఎదురులెక్క! అచ్చు క్యాలెండర్లు 20వ శతాబ్దం మొదట్లో అక్కడే వచ్చాయి. ఇంగ్లీషులో వీటిని అడ్వెంట్ క్యాలెండర్ అంటారు. లాటిన్ మూలానికి అర్థం ‘రాక’. మన చర్చిల్లో క్రిస్మస్‌కి ముందు వారాలని ఆగమన కాలం అంటారే, అదే. అయితే ఆగమన కాలం మొదటి ఆదివారం నవంబరు 27 నుంచి డిసెంబరు 3 లోపు ఎప్పుడైనా పడుతుంది. క్యాలెండర్ మాత్రం మామూలుగా డిసెంబరు 1నే మొదలు. అందుకని మీ అట్టకి ‘ఆగమన క్యాలెండర్’ కంటే ఎదురులెక్కే నిక్కచ్చి.

జవాబు: ఆ తలుపుల్ని జర్మన్‌లో ట్యూర్షెన్ అంటారు, బుల్లి తలుపు అని. మనకి ‘చిట్టితలుపు’ ఉండనే ఉంది. చిట్టితలుపు వెనక చిట్టీ! ఇంకో మాట, తలుపుకి మూడు పక్కలే కత్తిరించాలి, నాలుగోది మడతబందు. ఇంకు అయిపోయిన పెన్నుతో ఆ పక్కన ఒక గీత నొక్కితే మడత తిన్నగా వస్తుంది. జిగురు తలుపుల చుట్టూ మాత్రమే పూయండి. తలుపు వెనక్కి పాకిందంటే ఇక అది తెరుచుకోదు, పిల్లల ఏడుపు ఆపలేం.

ప్రశ్న వేసినవారు: అందరికీ ధన్యవాదాలండీ. జిగురు సలహా రెండు గంటలు ఆలస్యంగా వచ్చింది, 17 ఇప్పటికే అతుక్కుపోయింది. పేరు మాత్రం ఖాయం. మీ తీర్పు కోసం ఆగకుండా పాప పెద్ద అక్షరాలతో ‘ఎదురులెక్క’ అని రాసేసింది. క వత్తు జారి 9వ తలుపు మీద పడింది. ఆ రోజు తలుపు తెరవగానే ‘ఎదురులెక’ అవుతుంది. చూడగానే మళ్లీ మూసేయమని చెప్పాను.